కలిపితేనే చెత్త

నేలపట్టు చెరువులో పడిన పక్షి రెట్ట పొలానికి ఎరువవుతోంది. అదే గట్టు మీద మనం పారేసిన కవరు ఎందుకూ కొరగాకుండా పోతోంది. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలని దొరవారిసత్రం ఇళ్ల పెరళ్లలోకి, పాత సామాన్ల కొట్లలోకి, పంచాయతీ షెడ్డు దాకా నడిచిన కథనం ఇది.

జనవరిలో నేలపట్టు చెరువు గట్టెక్కితే పక్షుల కంటే ముందు వాసన ఎదురొస్తుంది. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడు పక్కన గూడు. గూళ్లలో మెడలు సాచి తల్లి నోటి కోసం అరిచే గూడబాతు పిల్లలు. ఆ పక్కనే నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. అదంతా రెట్ట. బస్సు దిగి వచ్చిన పిలకాయలు ముక్కులు మూసుకుంటారు. ఊరి రైతు మూసుకోడు. ఆ రెట్ట చెరువులో కలిసి, ఆ నీళ్లు పారిన మడిలో వరి పచ్చగా లేస్తుందని ఆయన నమ్మకం. పక్షులు బాగా దిగిన ఏడు పంట బాగుంటుందని మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. 1976లో ప్రభుత్వం ఈ చెరువు ప్రాంతాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. సుమారు 459 హెక్టార్ల జాగా. అక్టోబరు నుంచి మార్చి దాకా ఎక్కడెక్కడివో రెక్కలు ఇక్కడ సంసారం పెడతాయి.

అదే గట్టు మీద ఇంకో రకం మిగుళ్లు కూడా కనబడతాయి. తాగి మూత కూడా బిగించకుండా పడేసిన నీళ్ల సీసా, చిప్స్ కవరు, సగం తిన్న పులిహోరతో సహా వదిలేసిన ప్లాస్టిక్ ప్లేటు. పక్షి వదిలిందీ మిగులే, మనం వదిలిందీ మిగులే. మొదటిదాన్ని ఊరు తీసుకుంది. రెండోదాన్ని నేల తీసుకోలేదు, నీళ్లు తీసుకోలేదు, ఎదురుగా ఉన్న మేక కూడా వాసన చూసి వదిలేసింది. ఎందుకు?

ఈ ప్రశ్న నన్ను చాలా కాలంగా పట్టుకుని ఉంది. మా ఊరు దొరవారిసత్రం. మొన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా ఉత్తరాదికి పోయే పాత బాట మీది ఊరు. ఆ బాటే ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి. ఊరి పేరులోనే సత్రం ఉంది. సత్రం అంటే దారిన పోయేవాడు ఆగి, తిని, పడుకుని, తెల్లారి లేచి పోయే చోటు. తిన్నవాడు ఆకు మడిచి లేచేవాడు. ఆకు ఆవు నోటికి పోయేది, లేదంటే పెంటకు చేరేది. ఎంతమంది వచ్చి పోయినా ఆ చోటు మరునాటికి శుభ్రంగా ఉండేది. ఇప్పుడు అదే బాట మీద ఆగి తిని పోయేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు వదిలేవి మాత్రం మరునాటికి పోవడం లేదు, మరుసటి ఏటికీ పోవడం లేదు.

కుడితి తొట్టి పక్కన

మా జేజి ఇంట్లో చెత్తబుట్ట అనే వస్తువు లేదు. పెరట్లో రాతి కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, బీరకాయ చెక్కు, వంకాయ తొడిమలు, రాత్రి మిగిలిన సంగటి, అన్నీ అందులోకే. సాయంత్రం మేత నుంచి వచ్చిన బర్రె ముందు ఆ తొట్టిలో మూతి పెట్టేది, తర్వాతే కట్టుకొయ్య దగ్గరకు పోయేది. చేపల కూర వండిన రోజు పొలుసు, పేగులు కొబ్బరిచెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చేవాళ్లు. పొయ్యిలో బూడిద సగం అంట్లగిన్నెలకు, సగం చిక్కుడు పాదు మీదికి. పేడ, కసువు, రాలిన ఆకులు పెంటకుప్పకు. ఎండాకాలం వస్తే ఆ పెంటను బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్లు. పెంట లేని రైతు ఉన్న రైతు దగ్గర బండి లెక్కన కొనేవాడు. పెంటకు ధర ఉండేది.

చీర సంగతి చూడండి. కట్టి కట్టి పలచబడ్డ నూలు చీర చంటిపిల్లకు ఉయ్యాల అయ్యేది. ఆ తర్వాత నాలుగు చీరలు కలిపి కుట్టిన బొంత. బొంత చిరిగాక మసిగుడ్డ. మసిగుడ్డ కూడా పేలికలయ్యాక వత్తి. ఇప్పుడు మనం కట్టే పాలిస్టర్ చీర మసిగుడ్డకు కూడా పనికిరాదు, నీళ్లు పీల్చదు కాబట్టి. అది బీరువాలోంచి నేరుగా చెత్తలోకి పోతోంది. తల దువ్వుకున్నప్పుడు ఊడిన జుట్టును కూడా జేజి ఉండ చుట్టి చూరులో దోపేది. సవరాల జుట్టు కొనేవాడు వస్తే దానికి పిన్నీసులు, దువ్వెన ఇచ్చి పోయేవాడు. కొట్టుకు పోతే నూనె సీసా, గుడ్డసంచి మన చేతిలోనే ఉండేవి.

ఆ కాలమంతా బంగారమని నేను అనను. పెంటకుప్ప బావికి దగ్గరగా ఉన్న ఇళ్లలో పిలకాయలకు విరేచనాలు పట్టుకునేవి. ఈగలు ముసిరేవి. వీధి ఊడ్చే పనిని, చచ్చిన గొడ్డును లాగే పనిని కులం పేరు చెప్పి కొందరి నెత్తిన పెట్టి, ఆ చేతుల్ని మళ్లీ అంటరానివని దూరం పెట్టారు. ఊరి శుభ్రతకు వాళ్లు కట్టిన వెల ఏ లెక్కలోనూ రాయలేదు. ఈ మాట చెప్పకుండా పాత రోజుల్ని పొగడడం నాకు చేతకాదు.

అయితే జేజి పట్టు ఒకటి నాకు బాగా గుర్తు. ఏడెనిమిదేళ్ల వయసులో బెల్లం తెచ్చిన పాలిథీన్ కవరును కుడితి తొట్టిలో పడేశాను. జేజి మోచేతి దాకా చెయ్యి ముంచి వెతికి బయటికి తీసింది. "గొడ్డు నోట్లోకి పోయిందంటే మళ్లా బయటికి రాదే! ఏది ఎందులో వెయ్యాలో తెలీకపోతే చేత్తో పట్టుకుని నన్నడుగు" అంది. కొట్టలేదు. ఆ సాయంత్రం బర్రె కుడితి తాగేంతసేపూ పక్కనే నిలబడి చూసింది.

జేజి భయం ఉత్తది కాదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ, వీధుల్లో తిరిగే ఆవుల పొట్టలు కోసి ప్లాస్టిక్ బయటికి తీసింది. ఒక్కో ఆవు కడుపులో కిలోల కొద్దీ కవర్లు, వాటిలో తాళ్లు, మేకులు, గుడ్డపీలికలు. 2012లో ఆ సంస్థ, మరికొందరు కలిసి ప్లాస్టిక్ సంచుల మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆవు కవరును కోరి తినదు. కవరులో మూటగట్టి పడేసిన అన్నం కోసం, తొక్కల కోసం తింటుంది. ముడి విప్పుకునే వేళ్లు దానికి లేవు. మనం ముడి వేసిన రెండు వస్తువుల్లో ఒకటి దాని ఆహారం, ఇంకొకటి దాని చావు.

నా ప్రశ్నకు జవాబు ఈ ముడిలోనే కనబడింది. అరటితొక్క చెత్త కాదు, దానికి ఆవు ఉంది, వానపాము ఉంది, మట్టి ఉంది. అట్టపెట్టె చెత్త కాదు, దానికి పాత సామాన్ల కొట్టులో కాటా ఉంది. పాలప్యాకెట్టు కూడా చెత్త కాదు, కడిగి ఆరబెడితే కొనేవాడున్నాడు. ఈ మూడింటినీ, పగిలిన బల్బునీ, పసిపిల్ల డైపరునూ ఒకే సంచిలో వేసి కట్టామనుకోండి. అట్ట తడిసి పులిసిపోయింది, కాటా ఎక్కదు. ప్యాకెట్టుకు మెతుకులు అంటాయి, ఎవరూ ముట్టరు. తొక్కల్లో గాజుపెంకులు పడ్డాయి, ఎరువుకు పనికిరావు. విడివిడిగా ఉంటే అడిగేవాళ్లున్న సరుకులు ఒక్క ముడితో దిక్కులేనివైపోయాయి. మనింట్లో చెత్త తయారయ్యేది ఆ ముడి పడిన క్షణంలోనే.

కాటా ఏది ఒప్పుకుంటుంది?

పాత ఇనుపసామాన్ల కొట్టు దగ్గర గంటసేపు కూర్చుంటే ఏ పుస్తకమూ చెప్పని సంగతులు తెలుస్తాయి. రాగి తీగ, ఇత్తడి చెంబు, అల్యూమినియం గిన్నె, ఇనుము, ఈ వరసలో మర్యాద. తర్వాత అట్టలు, వార్తాపత్రికలు. నీళ్ల సీసాలు ఒక గుట్ట, బకెట్లూ కుర్చీలూ విరిగినవి ఇంకో గుట్ట. ఏ ప్లాస్టిక్కు ఏ గుట్టకు పోవాలో అక్కడ పనిచేసేవాళ్లు ఒక్క నొక్కుతో, చప్పుడుతో చెప్పేస్తారు.

మనకు ఆ విద్య లేకపోయినా సీసా అడుగున చూసుకోవచ్చు. మూడు బాణాల త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 అంటే నీళ్ల సీసా, కూల్‌డ్రింకు సీసా రకం. దీన్ని కరిగించి దారం తీస్తారు, దిండ్లలో కూరే పాలిస్టర్ దూదీ అవుతుంది. 2 అంటే షాంపూ సీసాలు, ఫినాయిల్ డబ్బాల వంటి గట్టి సరుకు. 4 మెత్తని సంచులది, పాలప్యాకెట్టు ఈ ఇంటిదే. 5 బకెట్లు, మూతలు, టిఫిను డబ్బాలు. ఇవన్నీ మళ్లీ బతికే అవకాశం ఉన్నవే, శుభ్రంగా పొడిగా చేతికొస్తే.

పాలప్యాకెట్టు గురించి ఒక చిన్న మాట. మనం మూల కత్తిరించి ఆ చిన్న ముక్కను పడేస్తాం. ఆ ముక్క ఎవరికీ దొరకదు, ఏ కాటాకూ ఎక్కదు, నేరుగా కాలువలోకి పోతుంది. ఇంటికి రోజుకు రెండు ప్యాకెట్లంటే ఏడాదికి ఏడు వందల ముక్కలు దాటుతాయి. మూలను పూర్తిగా తెంచకుండా గాటు పెట్టి వంచితే పాలూ వస్తాయి, ముక్కా దానికే అంటుకుని ఉంటుంది. మా ఇంట్లో ఇది అలవాటు కావడానికి వారం పట్టింది.

ఇక ఏ కొట్టూ తీసుకోనివి ఉన్నాయి. షాంపూ సాచెట్లు, చిప్స్ కవర్లు, గుట్కా పొట్లాలు. వీటిలో ప్లాస్టిక్కు మీద అల్యూమినియం పొర, దాని మీద మళ్లీ ప్లాస్టిక్కు. ఆ పొరల్ని విడదీయడం గిట్టుబాటు కాదు. సిమెంటు ఫ్యాక్టరీల కొలుముల్లో ఇంధనంగా వేయడమే వీటికి ప్రస్తుతం ఉన్న పెద్ద దారి. టీ తాగే కాగితపు కప్పు కూడా పేరుకే కాగితం. లోపల టీ నానకుండా పలచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. పెళ్లిళ్లలో వేసే మెరుపు కాగితం విస్తళ్లదీ ఇదే కథ. రూపాయి సాచెట్టు పేదింటికి షాంపూ తెచ్చిందన్నది నిజం. ఆ సాచెట్టు ఖర్చు పేదూరి కాలువ మోస్తోందన్నదీ నిజం. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనలు, ప్యాకెట్టు మీద ఎవరి పేరుందో ఆ కంపెనీయే దాన్ని వెనక్కి సేకరించే బాధ్యత తీసుకోవాలన్నాయి. ఆ బాధ్యత పట్టణాల్లో కొంత కనబడుతోంది. హైవే పక్క ఊళ్ల కాలువల దాకా రావాలంటే మనం గట్టిగా అడగాలి.

అదే ఏడాది జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్లల ఇయర్‌బడ్స్ వంటివాటిని దేశమంతటా నిషేధించారు. ప్లాస్టిక్ చేతి సంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదన్న నియమం 2022 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. కూరగాయల సంతలో మన చేతికొచ్చే కవరును వెలుతురులో పెట్టి చూస్తే అవతలి మనిషి ముఖం కనబడుతుంది. ఆ కవరును అమ్మినవాడితో పాటు అడిగి తీసుకున్న మనమూ ఇందులో ఉన్నాం.

వీటన్నిటికీ మన ఊళ్లలో దొరికే సులువు పరిష్కారం అగ్గిపుల్ల. చలికాలం పొద్దున్నే ఇళ్ల ముందు ఊడ్చి కుప్ప చేసి అంటిస్తాం. ఆకులతో పాటు కవర్లు, పాత చెప్పులు, వైరు ముక్కలు. క్లోరిన్ ఉండే ప్లాస్టిక్కు అట్లా కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అవి కొవ్వులో చేరి ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉంటాయి. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చినవారికి 5 వేల రూపాయలు, పెద్దయెత్తున కాల్చితే 25 వేలు జరిమానా వేయాలని ఆదేశించింది. జరిమానా సంగతి అటుంచండి. ఆ పొగ ముందు పీల్చేది చలి కాచుకోవడానికి దాని చుట్టూ చేరిన మన పిల్లలే.

కాల్చనిది వానకు కొట్టుకుపోతుంది. మా వైపు నేల తూర్పుకు వాలు. నీళ్లు చేరేది పులికాట్‌కు. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. అక్కడికి దిగే రాజహంస తల తలకిందులు చేసి ముక్కును బురద నీళ్లలో ముంచి, నాలుకతో నీళ్లు తోడి, ముక్కు అంచున ఉన్న సన్నని జల్లెడ లాంటి పళ్లతో వడకట్టుకుని తింటుంది. ఎన్నో వేల ఏళ్లుగా ఆ జల్లెడ దానికి చాలింది. నాచునూ, పురుగునూ, మన సాచెట్టు అరిగి విరిగిన తునకనూ వేరు చేయడం ఆ ముక్కు నేర్చుకోలేదు.

సూర్యాపేట సంగతి

ఇవి చిన్న ఊళ్లలో అయ్యే పనులు కావని ఎవరైనా అంటే నాకు సూర్యాపేట గుర్తొస్తుంది. అప్పటి నల్లగొండ జిల్లాలో, హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద, మనలాగే హైవే మీది పట్టణం. జనాభా లక్షకు అటూ ఇటూ. 2003 నాటికి అక్కడ వీధి చెత్తకుండీలు తీసేశారు. మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్. ఇంటింటికీ తడి వేరు, పొడి వేరు అని చెప్పి, వేరుగానే తీసుకుని, తడిని ఎరువు చేసి, పొడిని అమ్మారు. బయటి నుంచి పెద్ద నిధులు వచ్చి చేసిన పని కాదు. ఉన్న సిబ్బంది, ఉన్న బళ్లు, ఇల్లిల్లూ తిరిగి చెప్పిన ఓపిక. మున్సిపల్ చెత్త మీద 1996లో సుప్రీంకోర్టులో కేసు వేసి, 2000 సంవత్సరపు చెత్త నిర్వహణ నిబంధనలకు కారణమైన అల్మిత్రా పటేల్, దేశంలో ఎక్కడ మాట్లాడినా సూర్యాపేటను చూపించేవారు. దేశం నలుమూలల నుంచి అధికారులు అక్కడికి చూడటానికి వచ్చారు. ఆ పని తెలుగు పట్టణంలో జరిగిందని మన పిల్లల పాఠాల్లో లేకపోవడం నాకు బాధ.

కుండీ తీసేయడం నాకు అన్నిటికంటే గొప్ప ఆలోచనగా తోస్తుంది. వీధి మొగదల కుండీ ఉన్నంతకాలం, అందులో పడిందేదైనా ఎవరిదో తెలియదు. కుండీ లేకపోతే నా సంచి నా గుమ్మం ముందే ఉంటుంది, నా పేరు మీదే ఉంటుంది.

జపాన్‌లో కమికట్సు అని కొండల మధ్య చిన్న ఊరు. జనం 1,500 లోపే. చెత్త కాల్చడం, పూడ్చడం మానేయాలని 2003లోనే ఊరంతా ప్రకటించుకుంది. అక్కడ చెత్తబండి రాదు. ఎవరి సామాను వాళ్లే కేంద్రానికి తెచ్చి నలభైకి పైగా రకాలుగా పెడతారు. సీసా వేరు, మూత వేరు, లేబులు వేరు. తడి చెత్త ఎవరి పెరట్లో వాళ్లే ఎరువు చేసుకుంటారు. వచ్చిన సామానులో 80 శాతం దాకా మళ్లీ వాడుకకు పోతోంది. పక్కనే ఒక గది ఉంటుంది. వాడని గిన్నెలు, బట్టలు, బొమ్మలు అక్కడ పెడితే కావలసినవాళ్లు ఊరికే తీసుకుపోతారు. ముసలివాళ్లు ఎక్కువున్న ఊరది. ఓపిక లేని పెద్దల సామాను ఊరే వచ్చి తీసుకుపోతుంది. మనం అన్ని రకాలకు పోనక్కర్లేదు. నాలుగు చాలు.

షెడ్డు దాకా

మన రాష్ట్రంలో పంచాయతీలకు చెత్త షెడ్లు కట్టారు. సంపద తయారీ కేంద్రం అని బోర్డు ఉంటుంది. ఎరువు తొట్లు, పొడి సామానుకు గదులు, వానపాముల తొట్టి. 2020లో మనం–మన పరిశుభ్రత అన్నారు. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అన్నారు. 2025 జనవరి 18న మైదుకూరులో స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర మొదలుపెట్టి ప్రతి నెలా మూడో శనివారం అన్నారు. సరిగ్గా ఆ శనివారమే, కొన్నేళ్ల విరామం తర్వాత మళ్లీ జరిగిన ఫ్లెమింగో పండగ సూళ్లూరుపేటలో మొదలైంది. మూడు రోజులు జనం నేలపట్టుకూ, అటకానితిప్పకూ, భీములవారిపాలేనికీ తరలివచ్చారు. పండగకూ శుభ్రతకూ ఒకే రోజున ముహూర్తం కుదిరింది. ఆ కలయిక ప్రతి ఏటా కావాలని పెట్టుకుంటే ఎంత బాగుంటుంది! పండగకు వచ్చినవాడు తెచ్చుకున్న సీసాతోనే తిరిగి వెళ్లే ఏర్పాటు, తాగునీళ్లు నింపుకునే కుళాయిలు, అరిటాకు భోజనం. తిరుమల కొండ మీద 2022 జూన్ నుంచి ప్లాస్టిక్ వాడకం మానిపించి, గాజు సీసాల్లో నీళ్లు అమ్ముతున్నారు. రోజూ వేలమంది వచ్చే కొండ మీద సాధ్యమైంది, ఏడాదికి మూడు రోజుల పండగలో సాధ్యం కాదా?

షెడ్డు ఎంత బాగా కట్టినా అక్కడికి చేరేది మన గుమ్మంలో కట్టిన మూటే. మూట విప్పేది ఒక మనిషి. చాలాసార్లు ఒక ఆడమనిషి. కుళ్లిన కూర మధ్య నుంచి సీసాను, వాడిపారేసిన ప్యాడ్ల కింద నుంచి అట్టను వేళ్లతో లాగుతుంది. చేతి తొడుగు ఉన్నా బ్లేడు ముక్క దాన్ని చీల్చేస్తుంది. వంటింట్లో మనకు అరనిమిషం పట్టే పని షెడ్డులో ఆమెకు పూటంతా పడుతుంది, పైగా చెయ్యి తెగుతుంది. చెత్త వేరు చెయ్యమని చెప్పే ప్రకటనల్లో పర్యావరణం గురించి చాలా చెబుతారు. నాకైతే ఆ చేతి గురించి చెబితే చాలు.

చెత్త తీసుకెళ్లే వ్యవస్థ పక్షాన కూడా ఒక తప్పు ఉంది, దాచకూడదు. మేం కొన్నాళ్లు అద్దెకున్న వేరే పట్టణంలో ఆరు నెలలు తడి, పొడి విడదీసి ఇచ్చాను. ఒకరోజు బండి వెనకాల నడిచి వెళ్లి చూస్తే రెండు బుట్టలూ ఒకే గుంతలోకి బోర్లించారు. ఆ రోజు ఇంటికొచ్చి నేను ఏడ్చిన మాట నిజం. జనం విసిగి మానేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. బండిలో రెండు అరలు లేకుండా ఇంట్లో రెండు బుట్టలు పెట్టుకోమనడం అన్యాయం. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలని కట్టుబాటు పెట్టింది. అంటే డబ్బుకు దారి చూపింది. గ్రామసభలో నిలబడి "మన బండికి రెండో అర ఎప్పుడు?" అని అడిగే గొంతు కావాలి. వీధికి నలుగురు ఆడవాళ్లు కలిసి అడిగితే ఆ ప్రశ్నను దాటేయడం కష్టం. స్వయం సహాయక సంఘాలు అప్పు వాయిదాలు వసూలు చేసినంత పట్టుగా ఈ పని కూడా పట్టుకోగలవని నా నమ్మకం. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో సంఘాల మహిళలే ఇంటింటి సేకరణ, విడదీత నడిపి ఊరి డంపు జాగాను తోటగా మార్చేశారు.

ఈమధ్య మన రాష్ట్రంలో స్వచ్ఛ రథం అనే బండి పల్లెల్లో తిరుగుతోంది. పొడి సామాను ఇస్తే బదులుగా సరుకులు ఇస్తారు. పాత చీరలకు స్టీలు గిన్నె, ఇనుపముక్కకు ఐసుఫ్రూటు తీసుకున్న వాళ్లం కదా, ఈ బేరం మనకు కొత్త కాదు. జేజి వింటే సంతోషించేది.

పెళ్లి ఇంటి దగ్గర

ఒక ఇంటి ఏడాది చెత్తను ఒక్క పెళ్లి దాటేస్తుంది. వేయి మంది భోజనానికి వేయి నీళ్ల సీసాలు. సగం తాగి వదిలినవి. వేయి ప్లేట్లు, వేయి కప్పులు, ఐస్‌క్రీం గిన్నెలు, స్వాగత ద్వారానికి థర్మకోల్ హంసలు. మరునాడు పందిరి విప్పేవాళ్లు అన్నిటినీ కలిపి ఊరి చివర పోస్తారు. ఆహారం వాసనకు గొడ్లు వస్తాయి. మళ్లీ అదే ముడి.

సిద్దిపేట వైపు ఊళ్లలో స్టీలు బ్యాంకులు పెట్టారు. పళ్లాలు, గ్లాసులు, గిన్నెలు మహిళా సంఘం దగ్గర ఉంటాయి. ఇంట్లో కార్యం ఉన్నవాళ్లు తీసుకెళ్లి, వాడి, కడిగి తిరిగి ఇస్తారు. మా చిన్నప్పుడు ఊరి గుడికి గుండిగలు, గంగాళాలు ఉండేవి, ఎవరింట్లో శుభకార్యమైనా అవే పోయేవి. చందా వేసుకుని ఐదొందల స్టీలు పళ్లాలు కొంటే ఊరికి ఎన్ని ఏళ్లొస్తాయో లెక్క వేయండి. అరిటాకు దొరికే చోట అదీ అక్కర్లేదు. నెల్లూరు సీమలో అరిటాకు మీద చేపల పులుసు పోసుకుని తిన్న నోటికి మెరుపు ప్లేటులో ఏం రుచి తెలుస్తుంది!

మా ఇంట్లో

పాఠకులు అడిగే ప్రశ్న నాకు తెలుసు: మీరేం చేస్తున్నారు? చెప్తాను. వంటింట్లో మూత ఉన్న పాత గిన్నె ఒకటి, తడికి. తలుపు వెనక మేకుకు గోనెసంచి ఒకటి, పొడికి. మూడోది బాత్‌రూము మూల చిన్న డబ్బా. ప్యాడ్లు, డైపర్లు పాత పేపరులో చుట్టి, పైన ఎర్ర సిరాతో చుక్క పెట్టి అందులో వేస్తాం. ఆ చుక్క చూస్తే విప్పకూడదని ఎత్తేవాళ్లకు తెలుస్తుంది. కాలం చెల్లిన మందులు, ట్యూబులైటు, బ్యాటరీ సెల్లులు అటక మీద వేరే అట్టపెట్టెలో పెడతాం. ఇవి నెలకు ఒకటో రెండో. తడి రోజూ, పొడి పది రోజులకోసారి. 2016 నాటి కేంద్ర నిబంధనలు అడిగిందీ ఇంతకంటే ఎక్కువ కాదు.

తడి చెత్తను బయటికి పంపడం మానేశాను, పెరట్లోనే ఎరువు చేస్తున్నాను. తొక్కలు ఒక దోసెడు వేస్తే ఎండుటాకులు రెండు దోసిళ్లు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త ఆకు వేసి కలపాలి. లోపల వేడెక్కలేదంటే పొడి ఎక్కువైంది, నీళ్లు చిలకరించాలి. గాలి ఆడాలి. గాలి ఆడకుండా పూడిస్తే కంపు కొడుతుంది, మీథేన్ కూడా పుడుతుంది. డంపులు వాటంతట అవే అంటుకుని పొగలు చిమ్మడానికి ఆ వాయువు ఒక పెద్ద కారణం. మాంసం, ఎముక, నూనె ఎక్కువున్న కూర వేయకూడదు, ఎలుకలు వస్తాయి. చేప పొలుసు ఇప్పటికీ కొబ్బరిచెట్టు కిందికే. రెండు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలివాన వాసనతో ఎరువు చేతికొస్తుంది. మొదటిసారి దాన్ని వాసన చూసినప్పుడు జేజి పెరడు కళ్ల ముందు కదిలింది.

దానికి తొట్టి కొత్తది కొనలేదు. బర్రెలు పోయాక పెరట్లో పక్కకు ఒరిగి పడి ఉన్న రాతి కుడితి తొట్టిని నలుగురం కలిసి లేపి నిలబెట్టాం. అడుగున ఇటుక ముక్కలు వేశాం, మీద గోనెపట్టా కప్పాం. పక్కింటి పాప మూడో తరగతి చదువుతోంది. మొన్న సాయంత్రం పట్టా ఎత్తి అరచెయ్యి ఆనించి, చప్పున వెనక్కి తీసుకుంది.

"అత్తా, జొరం వచ్చినట్టు కాలిపోతోంది!"

లోపల పనిచేస్తున్నారమ్మా, అన్నాను. ఎవరని అడిగింది. కంటికి కనబడనంత చిన్నవాళ్లని చెప్పాను. కాసేపు ఆలోచించి, వాళ్లు ఏం తింటారని అడిగింది. అరటితొక్క, బీరచెక్కు, మీ అమ్మ ఒలిచిన చిక్కుడు నారలు కూడా తింటారన్నాను. మరునాడు పొద్దున్నే బడికి పోయే ముందు గేటు చప్పుడైంది. యూనిఫాంలో, రెండు చేతులతో ఒక స్టీలు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. గిన్నెలో తొక్కలున్నాయి. ప్లాస్టిక్కు ఒక్క ముక్క కూడా లేదు, తనే ఏరానని చెప్పింది.